ఉన్నచోటే మాయమైన నలభై మూడు వస్తువులు

“ఈ పని చేసినవాడు ఎక్కడున్నా సరే, ఈపాటికి వాడికి ముచ్చెమటలు పడుతుండాలి. ఎందుకంటే కేసు నా చేతికొచ్చింది” అన్నాడు మామయ్య. అని, హుందాగా గుమ్మం దాటబోయి దారపు ఉండల బుట్టలో కాలు పెట్టాడు. బుట్ట కాలిని వదల్లేదు. కావాలనే తొడుక్కున్నట్టు బుట్టతోనే నాలుగడుగులు నడిచి, కుర్చీలో కూర్చున్నాకగానీ ఊడదీయలేదు.

మేనకోడలికి నవ్వు రాలేదు. వచ్చే స్థితిలో లేదు పాపం. ఆరేళ్లపాటు ఒక ఆఫీసులో ఫోన్ దగ్గర కూర్చుని, లోకంలో పాడైపోయిన ఫ్యాన్లన్నిటి గురించీ తిట్లు తిని తిని, ఒకరోజు లేచి దండం పెట్టి వచ్చేసింది. మేడ మీద రెండు గదులు తీసుకుని దిండు గలీబులు, సంచులు, ఏప్రన్లు, టేబుల్ గుడ్డలు కుట్టించి ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టింది. కుట్టేది కత్తెరమ్మ. చేతిలో కత్తెర కంటే నోట్లోది పదునని ఆవిడకా పేరు. మొదట్లో చుట్టాలూ స్నేహితులూ కొన్నారు. చుట్టాలెన్ని గలీబులు కొంటారు? ఇంట్లో తలలెన్నుంటే అన్నే కదా. రెండు నెలల నుంచి ఒక్క ఆర్డరు లేదు. పాత ఆఫీసు పెద్దావిడ మంచిది కాబట్టి, గురువారం లోపల చెబితే నీ కుర్చీ నీకే అని కబురు పెట్టింది. గురువారం మేనకోడలు సరేనంటే, శుక్రవారం నుంచి కత్తెరమ్మ మిషను మీద దుప్పటి కప్పేయడమే. ఆవిడకి ఇంకో చోట పని లేదు. ఆ మాట ఆవిడ అనలేదు. అనకపోవడమే మేనకోడల్ని ఎక్కువ పొడిచింది.

ఇంతలో శుక్రవారం ఒక ఉత్తరం వచ్చింది. ఇంటర్నెట్‌లో వెతికిపెట్టే కంపెనీ ఒకటుంది కదా, మేనకోడలి కంప్యూటర్‌లో ఉన్న వస్తువుల పట్టికని అది రోజూ తెల్లారే చదువుకుంటుంది. ఎవరైనా ఫలానాది కావాలని వెతికితే, ఇదిగో ఇక్కడ దొరుకుతుందని బొమ్మతో సహా చూపిస్తుంది. ఆ కంపెనీ రాసిందేమిటంటే, మీ నలభై మూడు వస్తువులూ ఎవరికీ కనబడటం లేదు, పేరు వస్తువును తెలపడం లేదు, బొమ్మ మీద రాతలున్నాయి, రంగు లేదు, కొలత లేదు అని.

మామయ్య అల్మారాలన్నీ తెరిచి లెక్కపెట్టాడు. నలభై మూడూ ఉన్నాయి.

“అన్నీ ఇక్కడే ఉన్నాయి కదా మామయ్యా. దొంగతనమని ఎలా అంటావు?”

“అక్కడే ఉంది వాడి తెలివి. మామూలు దొంగ వస్తువు ఎత్తుకుపోతాడు. వీడు వస్తువుని వదిలేసి, దాని ఉనికిని ఎత్తుకుపోయాడు.”

ఉత్తరాన్ని మామయ్య వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చూశాడు, తిరగేసి చూశాడు. ఇది కంపెనీ రాసింది కాదనీ, నేరస్థుడి సంకేత భాష అనీ తేల్చాడు. రంగు లేదు అంటే వాడి ముఠాలో రంగు అమ్మేవాడు తప్పుకున్నాడని, కొలత లేదు అంటే టైలరొకడు పరారీలో ఉన్నాడని అర్థమట. కత్తెరమ్మ మిషను ఆపి, “మరి పేరు తెలపడం లేదంటే?” అంది. “నాయకుడి పేరు ఇంకా తెలియదని వాడే ఒప్పుకుంటున్నాడు” అన్నాడు మామయ్య. కత్తెరమ్మ మళ్లీ మిషను తొక్కుకుంది.

పేర్ల సంగతి కూడా చెప్పాలి. మామయ్య వాళ్లింట్లో దేన్నీ దాని పేరుతో పిలిచే అలవాటు మొదట్నుంచీ లేదు. మిక్సీ పేరు గయ్యాళి, బీరువా పేరు పెదనాన్న. ఆ పెంపకంలో పెరిగిన పిల్ల తన సరుకుకి ఊరికే పేర్లు పెడుతుందా? మూడు వారాలు కూర్చుని పెట్టింది. నీలం గలీబు పేరు ‘వెన్నెల ఒడి’. ఏప్రన్ ‘వంటింటి మహారాణి’. కుర్చీ దిండు ‘అలసిన నడుముకో ఆప్తురాలు’. ఒక్కో ఫొటోలో చుట్టూ పూలు, పక్కన పిల్లి, అడ్డంగా ఎర్రక్షరాలతో ‘త్వరపడండి’. పిల్లి అందంగా ఉండేది. గలీబు దాని వెనక ఎక్కడో ఉండేది.

మామయ్య అనుమానం పక్క వీధిలో కర్టెన్లూ గలీబులూ అమ్మే షాపాయన మీదికి వెళ్లింది. ఎవరు గలీబని వెతికినా ముందు ఆయన సరుకే కనబడుతోంది మరి. మామయ్య కొనేవాడి వేషంలో వెళ్లాడు. షాపాయన కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ఏ కిటికీకండీ అని అడిగాడు. వేషం బయటపడకూడదని మామయ్య ఒక కిటికీ చెప్పాడు. ఆయన కొలతలడిగాడు. అనుమానం రాకూడదని కొలతలూ చెప్పాడు.

“దొంగని పట్టుకొస్తానని వెళ్లి కర్టెన్లు పట్టుకొచ్చాడు మీ మామయ్య” అంది అత్తయ్య సాయంత్రం మేనకోడలితో. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆవిడ గొంతు పెంచిందే లేదు. “అవి కూడా జానెడు పొడుగొచ్చాయి. రేపట్నుంచి మా ఇంట్లో నేల తుడవక్కర్లేదు.”

శనివారం మేనకోడలు పాత ఆఫీసు పెద్దావిడతో మాట్లాడటానికి వెళ్లింది. మామయ్య ఒక్కడే ఆ గదిలోకొచ్చాడు. ఉనికి ఎలాగూ పోయింది, కనీసం సొత్తుకైనా రికార్డు ఉండాలని ఆయన ఉద్దేశం. రైల్వేలో పోయిన సామాను గోడౌన్‌లో ఆయన ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేశాడు. అక్కడ రాయడానికో పద్ధతుంది. తెల్లదుప్పటి పరిచి, వస్తువు ఒక్కదాన్నే పెట్టి ఫొటో తీయాలి. టేపు పెట్టి కొలవాలి. అదేమిటో, ఏ రంగో, ఏ గుడ్డో, పొడుగెంతో, వెడల్పెంతో రాయాలి. అంతకు మించి ఒక్క ముక్క రాసినా పై ఆఫీసరు కొట్టేస్తాడు.

విడిగా ఫైలు తెరిస్తే దొంగ కంట పడుతుందని, మామయ్య మేనకోడలి పట్టికలోనే రాశాడు. ఆమె పెట్టిన పేర్లన్నీ చెరిపేసి, వాటి చోట గోడౌన్ పద్ధతిలో రాశాడు. రికార్డుల్లో మారుపేర్లు చెల్లవట. పిల్లి ఫొటోలన్నీ తీసేసి తెల్లదుప్పటి మీద తీసినవి పెట్టాడు, సాక్షులు సొత్తుతో కలిసి ఉండకూడదని. అమ్మాయి వచ్చేదాకా ముట్టుకోకండి పెద్దాయనా అని కత్తెరమ్మ మూడుసార్లు చెప్పింది. ఆవిడ మాట కూడా రాసుకున్నాడు, వాంగ్మూలం కింద.

సాయంత్రం మేనకోడలు వచ్చి చూసుకుంది. పట్టికని పైనుంచి కిందిదాకా చదివింది.

“ఒక్కోదాన్నీ చేతిలో పట్టుకుని, ఏమని పిలిస్తే పలుకుతుందో అని ఆలోచించి పెట్టాను మామయ్యా. ఒక్క పూటలో అన్నీ తుడిచేశావు.”

మామయ్య ఆధారాల కాగితాలన్నీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. టేపు చుట్టుకుంటూ నిలబడ్డాడు. మళ్లీ పెట్టెయ్యనా అమ్మడూ అని అడిగాడు. వద్దంది మేనకోడలు. మూసేసే కొట్టుకి బోర్డు సరిచేసి ఏం లాభం?

ఆదివారం, సోమవారం, మంగళవారం మామయ్య మెట్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లని గమనించాడు. పైవాటాలో ఉండే పళ్ల డాక్టరు రెండుసార్లు దిగాడని అనుమానించి, వెంబడించి, చివరికి ఒక పన్ను పీకించుకుని వచ్చాడు.

బుధవారం పొద్దున్నే మేనకోడలి ఫోను మోగింది. ఆర్డరు. ఆమె తెలిసినవాళ్లెవరో జాలిపడి ఉంటారనుకుంది. చూస్తే పేరు ఎన్నడూ వినలేదు, ఊరు అంతకంటే వినలేదు. నీలం రంగు నూలు దిండు గలీబులు నాలుగు, ఇరవై ఏడు అంగుళాల పొడుగు. పది నిమిషాలకి ఇంకోటి. మధ్యాహ్నానికి పంతొమ్మిది. కత్తెరమ్మ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది, మళ్లీ తుడుచుకుంది.

మేనకోడలు కంపెనీ ఉత్తరాన్ని, మామయ్య రాసిన పట్టికని పక్కపక్కన పెట్టి చదివింది. పేరు తెలపడం లేదన్నారు, తెలిపాడు. బొమ్మ మీద రాతలన్నారు, లేవు. రంగన్నారు, ఉంది. కొలతన్నారు, అంగుళాల్లో ఉంది. కంపెనీ తెలుగులోనే చెప్పింది. ఇంట్లో ఒక్కళ్లూ వినిపించుకోలేదు, గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడ్డ మామయ్యతో సహా.

“భయపడ్డాడు. నేను మెట్ల మీద కాపలా కూర్చున్నది చూసి, రాత్రికి రాత్రి ఉనికిని తెచ్చి యథాస్థానంలో పెట్టేశాడు” అన్నాడు మామయ్య, వాచిన బుగ్గ పట్టుకుని.

“ఏమండీ, ఆ దొంగ అంత మంచివాడైతే మన కర్టెన్లు కూడా ఒకసారి చూసిపొమ్మనండి” అంది అత్తయ్య.

మేనకోడలు పాత ఆఫీసుకి ఫోన్ చేసింది. ఇక రావడం లేదండీ అని చెప్పింది. పెద్దావిడ ఏదో అడిగింది. “లేదండీ, ఇక్కడే పని ఎక్కువగా ఉంది” అంది. ఆ వాక్యం బాగుందనిపించి ఇంకోసారి కూడా అంది. మిషను అవతల కత్తెరమ్మ తల ఎత్తలేదు గానీ, ఆ కుట్టు మాత్రం వంకర పోయింది. ఆవిడ మిషను పట్టిన ఇన్నేళ్లలో అదే మొదటిసారి.

తర్వాత మేనకోడలు చిన్న చిన్న గుడ్డముక్కలు కత్తిరించి, వాటి మీద తన పాత పేర్లు దారంతో కుట్టడం మొదలుపెట్టింది. వెన్నెల ఒడి. వంటింటి మహారాణి. అవి గలీబు లోపలివైపు, కొన్నవాళ్లు తిరగేస్తేనే కనబడే చోట కుట్టాలట. అందరికీ కనబడే పేరు వెతికేవాళ్లది, లోపలిది తనది.

అప్పుడే కుట్టు పూర్తయిన కొత్త సంచి ఒకటి పట్టుకుని మామయ్య దగ్గరికొచ్చింది.

“మామయ్యా, ఇంకో కేసు.”

మామయ్య కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. “ఎప్పుడు పోయింది?”

“ఇంకా పోలేదు. ముందే రాసి పెడితే మంచిది కదా.”

మామయ్య ఆమెని నఖశిఖపర్యంతం చూశాడు. శిష్యురాలు గురువుని మించిపోతోందన్న దిగులూ గర్వమూ ఆ చూపులో కలిసే ఉన్నాయి. జేబులోంచి టేపు తీసి, గంభీరంగా, సంచి పిడి దగ్గర్నుంచి కొలవడం మొదలుపెట్టాడు.