తడిమరకకు రాగిపలక

మనిషి రెండు కాళ్ళమీద నిలబడి నడక నేర్చిన రోజే నాగరికత మొదలైందంటారు. ఆ నడకకు టికెట్టు పెట్టి, ముందొక గైడునూ వెనకొక పర్యవేక్షకుణ్ణీ నియమించేదాకా అది పూర్తి కాలేదన్నది పేటల రుచి-దృశ్య వైభవ సంస్థవారి నిశ్చితాభిప్రాయం. ఈ అభిప్రాయం మొట్టమొదట అమలైంది టైలరమ్మ ఉండే పేటలోనే.

టైలరమ్మది రైల్వే యార్డు వెనక సందులో చివరి ఇల్లు. ముందుగదిలో కుట్టుమిషను, వెనకగదిలో అత్తగారు, ఆ రెంటి మధ్యా వంటిల్లు (దాన్ని గది అనడం కంటే, రెండు గదులు కాస్త సర్దుకోవడం వల్ల మిగిలిన జాగా అనడం న్యాయం). భర్త ప్లంబరు. పేటలో ఏ కుళాయి కారినా పరిగెత్తేవాడు. తన ఇంటి గోడలో కారుతున్న పైపు మాత్రం కొన్నేళ్ళుగా "ఆదివారం చూద్దాంలే" అన్న దశలో ఉంది. ఆదివారాలు క్రమం తప్పకుండా వచ్చేవి. ఆయన క్రమం తప్పకుండా నిద్రపోయేవాడు. ఆ విధంగా సందువైపు గోడమీద, చూరు దగ్గర మొదలై కిటికీ దాకా, పచ్చా నలుపూ ఇటుకరంగూ కలిసిన మరకొకటి తీరిగ్గా పెరిగింది.

సంస్థవారు ఆ పేటలో తిండీ గోడబొమ్మలూ చూపించే నడక ఒకటి పెట్టదలచి, దానికి గైడుగా టైలరమ్మ చెల్లెలి కూతుర్ని తీసుకున్నారు. ఎన్నో ఇంటర్వ్యూలకు వెళ్ళి "కబురు చేస్తాం" అనిపించుకుని వచ్చిన పిల్ల. ఈ ఉద్యోగమైనా, తనిఖీ సవ్యంగా జరిగితేనే ఖాయం.

తనిఖీకి ఉపసంచాలకులు స్వయంగా వచ్చారు. బేకరీలో బన్ను కొరికి, "మెత్తదనం ఉంది, కానీ సందేశం లేదు" అని సెలవిచ్చారు. గొడుగు పట్టుకున్న పిల్ల బొమ్మా, రెక్కలున్న సైకిలు బొమ్మా చూసి తల ఊపారు. ఆఖరిది నీలి తిమింగలం. సందు మలుపు తిరిగేసరికి తిమింగలం లేదు. రాత్రికి రాత్రి ఎవరో ట్యూషన్ సెంటరువాళ్ళు దానిమీద సున్నం కొట్టి, నవ్వుతున్న పిల్లల ఫోటోలు అతికించేశారు.

గైడుపిల్ల గబగబా అటూ ఇటూ చూసింది. ఎదురుగా పెద్దమ్మ ఇంటి గోడ కనబడింది.

"ఇదేనండి," అంది, మరకవైపు చెయ్యి చూపిస్తూ.

ఉపసంచాలకులు రెండడుగులు వెనక్కి వేశారు. కళ్ళజోడు తీసి చూశారు, పెట్టుకుని చూశారు.

"ఎవరు వేశారు?"

"ఆయన పేరు చెప్పుకోరండి."

"ఎన్నాళ్ళు పట్టింది?"

"ఇంకా వేస్తూనే ఉన్నారండి."

ఈ రెండు జవాబుల్లోనూ అబద్ధం లేదని గమనించాలి. వారం తిరక్కుండా గోడకు రాగిపలక బిగించారు. "ప్రవాహం. మాధ్యమం: నీరు, సున్నం, కాలం. తాకరాదు, తుడవరాదు, ఆరనివ్వరాదు." టైలరమ్మ వంటింటి కిటికీని "సువాసనా మజిలీ"గా ప్రకటించారు. జనం వచ్చే వేళకు లోపల ఉల్లిపాయలు వేగుతూ ఉండాలి. ఇంట్లో ఆ పూట వంట ఉందా లేదా అన్నది గృహస్థుల వ్యక్తిగత విషయం, అందులో సంస్థ జోక్యం చేసుకోదు.

"పెద్దమ్మా, నా ఉద్యోగం ఖాయమయ్యేదాకా కాస్త ఓర్చుకోవా?" అని గైడుపిల్ల చేతులు పట్టుకుంది.

"దానిదేముందే, మరకేగా. ఉండనీ," అంది టైలరమ్మ. ఆ చేతుల్ని పసితనం నుంచీ ఎరుగును.

జనం రావడం మొదలైంది. మరక ముందు నిలబడి, మెడలు వంచి, ఇందులో ఒంటరితనం ఉందని కొందరూ, కాదు వలస ఉందని కొందరూ వాదించుకున్నారు. వాళ్ళ వెనక పానా భుజాన వేసుకుని నిలబడ్డ ప్లంబరు చెవులు రిక్కించి విన్నాడు. ఇన్నేళ్ళ వృత్తిజీవితంలో ఆయన పని గురించి జనం తిట్లు లేకుండా మాట్లాడటం అదే మొదలు. నెమ్మదిగా గడ్డం పెంచాడు. మాట మధ్యలో ఆగి దూరంగా చూడటం అలవాటు చేసుకున్నాడు.

"నా కొడుకు మొదలుపెట్టకుండానే పూర్తి చేసిన పని ఇదొక్కటే," అని అత్తగారు మంచంలోంచి దగ్గింది.

ఆ దగ్గే టైలరమ్మకు నిద్ర పట్టనివ్వడం లేదు. మరకకు రెండోవైపు అత్తగారి మంచం. గోడ చెమర్చి చెమర్చి దుప్పట్లకు బూజు పట్టింది. మంచం ఇటు జరిపితే తలుపు పడదు, అటు జరిపితే మనిషి పట్టదు.

"ఏమండీ, అత్తయ్యకి ఊపిరి ఆడట్లేదు. ఆ పైపు సంగతి చూడండి," అంది భర్తతో.

ఆయన చాలాసేపు దూరంగా చూశాడు. "నువ్వు పైపు అంటున్నావు," అన్నాడు చివరికి, జాలిగా.

ఇక లాభం లేదని ఆమె సంస్థ ఆఫీసుకే వెళ్ళింది. ఉపసంచాలకులు మర్యాదగా కుర్చీ చూపించారు.

"గోడకి బయటివైపు మాదమ్మా, లోపలివైపు మీదే. మీ వైపు మీరు నిక్షేపంగా బాగుచేయించుకోవచ్చు."

"పైపు మధ్యలో ఉందండి."

"మధ్యభాగం ఎవరిదన్నది పరిశీలనలో ఉంది."

"ఈలోగా గోడ పడిపోతే?"

"ఏ వైపు పడుతుందన్నదాన్ని బట్టి ఉంటుంది," అన్నారాయన. కాఫీ కూడా ఇప్పించారు.

టైలరమ్మ ఇంటికొచ్చి చీర కుచ్చెళ్ళు ఎగదోపింది. ఆ మధ్యాహ్నం ప్లంబరు కళాశాలలో "లీకేజీ: ఒక అంతర్మథనం" అన్న విషయంమీద ప్రసంగించడానికి వెళ్ళాడు. ఆమె ఆయన సంచీలోంచి పనిముట్లు తీసి, లోపలివైపు గోడ తవ్వి, పైపు తుప్పుపట్టిన చోట రబ్బరుముక్క చుట్టి, తీగతో బిగించి కట్టింది. చేతులు గీరుకుపోయాయి. పని ఎంత సులువో చూసి ఆమెకు కోపం కూడా రాలేదు, ఏడుపొచ్చింది. ఆ రాత్రి వెనకగదిలో దగ్గు బదులు అత్తగారి గురక వినబడింది.

మరక ఆరింది. నాలుగైదు రోజులకు గోడ తెల్లబోయింది, చూడవచ్చిన జనమూ తెల్లబోయారు. వచ్చిన తోవనే బేకరీకి తిరిగి వెళ్ళారు. గైడుపిల్ల ఇంట్లోకి వచ్చింది. పెద్దమ్మ చేతులమీది గీతలు చూసి తల దించుకుంది.

"నీ ఉద్యోగం పోతుందా?" అంది టైలరమ్మ.

"పోతే పోయిందిలే పెద్దమ్మా. బామ్మ పడుకుంటోందిగా."

సంస్థవారు ఎవరిమీదా ఆగ్రహించలేదు (వారు ఆగ్రహించరు, స్పందిస్తారు). కళాఖండం నీటి ఎద్దడికి గురైందని విచారం వెలిబుచ్చి, పూలమొక్కలకు నీళ్ళు పోసే రోజాడబ్బా ఇచ్చి ఒక మనిషిని నియమించారు. "తేమ సహాయకుడు" అని హోదా. పొద్దునా సాయంత్రమూ రాత్రీ వచ్చి గోడను శ్రద్ధగా తడిపేవాడు. పాపం, మంచివాడు.

"ఆ చేత్తోనే కుండీలో కూడా రెండు చుక్కలు పొయ్యి బాబూ," అంది అత్తగారు కిటికీలోంచి.

"కుండీ నా పరిధిలోకి రాదమ్మా," అన్నాడతను, నొచ్చుకుంటూ.

పైపు కారినప్పుడు గోడకు రాత్రిళ్ళయినా కాస్త విశ్రాంతి ఉండేది, కుళాయి రాదు గనక. సంస్థవారి నీళ్ళకు ఆ లోపం లేదు. వానాకాలం వచ్చేసరికి ఒక మధ్యాహ్నం, టైలరమ్మ అత్తగారికి వంటింట్లో అన్నం పెడుతుండగా, వెనకగది గోడ పెద్ద నిట్టూర్పులాంటి చప్పుడుతో కూలింది. మంచం దుమ్ములో మునిగిపోయింది. ముసలావిడ ముద్ద చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది. టైలరమ్మ ఆమెను రెండు చేతులా పొదివి పట్టుకుని, చాలాసేపు వదల్లేదు.

గోడ సందువైపు పడింది. కాబట్టి సంస్థదే అయింది. ఉపసంచాలకులు హుటాహుటిన వచ్చి, కళ్ళజోడు తీసి చూశారు, పెట్టుకుని చూశారు. కళ తన హద్దుల్ని తానే ఛేదించుకుందన్నారు. శిథిలాన్ని కదిలించరాదన్నారు. కుటుంబ భద్రత దృష్ట్యా వాళ్ళను ఊరి అవతల ఒక వసతిగృహం పై అంతస్తుకు తాత్కాలికంగా తరలించారు. "తాత్కాలికం" అన్న మాటకు కాలపరిమితి లేదని నియమావళిలోనే ఉంది. గైడుపిల్లను సీనియర్ గైడును చేశారు. ఆ కబురు చెప్పడానికి వచ్చి, పెద్దమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. ప్లంబరు ఆ కళాఖండం తనదేనని ఆఫీసుకు వెళ్ళి చెప్పుకున్నాడు. ఆధారం చూపించమన్నారు. ఏళ్ళ తరబడి తాను చెయ్యని పనికి ఆధారం ఎక్కడ తెస్తాడు? గడ్డం గీసేసి, మళ్ళీ కుళాయిలు బిగించడానికి వెళ్ళాడు.

పై అంతస్తులో తడి లేదు, దగ్గూ లేదు. మాట్లాడేవాళ్ళూ లేరు. "ఒక్కసారి మన ఇల్లు చూసొద్దామే," అని అత్తగారు పోరుపెట్టింది. ఇప్పుడక్కడికి టికెట్టు లేకుండా వెళ్ళనివ్వరు. చివరికి గైడుపిల్లే తన గుంపులో ఇద్దరినీ కలుపుకుంది. టైలరమ్మ ఆవిడ మోచెయ్యి పట్టుకుని నడిపించింది. బన్ను రుచి చూశారు. గొడుగుపిల్లనూ సైకిలునూ చూశారు. ఇంటి దగ్గర తాడు కట్టి ఉంది. లోపల కుట్టుమిషనూ ప్లాస్టిక్ ఉల్లిపాయలూ అమర్చి, పైన దీపాలు వేశారు.

నడిచి నడిచి అలిసిపోయిందేమో, ముసలావిడ తాడు కింద నుంచి వంగి వెళ్ళి, కిటికీ పక్కనున్న కుర్చీలో కూర్చుంది. కాళ్ళు చాపుకుంది. కొత్తగా చేరిన కాపలావాడు పరుగున వచ్చాడు. పెద్దావిడ అని గొంతు తగ్గించి, ఎంతో గౌరవంగా చెప్పాడు.

"అక్కడ కూర్చోకూడదమ్మా. పూర్వం ఎవరో ఉన్న ఇల్లు అది."

"అలాగా నాయనా, చూసుకోలేదు," అని ఆవిడ మెల్లగా లేచి నిలబడింది.