నాలుగో సీటుకు నిలకడ పరీక్ష

మనసు కోతి వంటిదని పెద్దలు చెప్పి ఊరుకున్నారు. మానసిక స్వీయ మూల్యాంకన సంస్థ మాత్రం ఊరుకోలేదు. ఆ కోతి ఏ కొమ్మ మీద ఎంతసేపు కూర్చున్నదీ కోతి చేతనే రాయించి, కింద సంతకం పెట్టించుకుని, ఆ తర్వాతే వైద్యం చేయాలని తీర్మానించింది. (తీర్మానం చేసిన సమావేశంలో కోతుల తరఫున ఎవరూ లేరు.) అప్పటి నుంచి మనసు బాగోలేనివారు అది ఎంత బాగోలేదో తామే కొలుచుకుని, ఆ కొలత పట్టుకుని రావడం పద్ధతి అయింది. విరిగిన కాళ్ళకు ఈ సదుపాయం ఇంకా రాలేదు.

ఈ సదుపాయంలో పడినవారిలో నాలుగో సీటు ఒకతె. ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఉంది కానీ, అది జీతం చీటీ మీద తప్ప ఎక్కడా కనిపించదు. ఆమె పని ఫోన్లెత్తడం. పొద్దున వాషింగ్ మెషిన్ల కంపెనీ తరఫున ఒక పేరుతో, మధ్యాహ్నం ఇన్సూరెన్సు కంపెనీ తరఫున ఇంకో పేరుతో, ఒకే కుర్చీలో కూర్చుని మాట్లాడుతుంది. ఏ పేరుకు ఏ గొంతో కూడా కంపెనీలే నిర్ణయించాయి. వాషింగ్ మెషిన్ల గొంతులో చిరునవ్వు ఉండాలి, ఇన్సూరెన్సు గొంతులో సానుభూతి ఉండాలి. నడుమ మంచినీళ్ళు తాగడానికి వ్యవధి ఇస్తారు. మేనేజరుకు ఇన్ని పేర్లు గుర్తుపెట్టుకునే ఓపిక లేదు కాబట్టి సీటు నంబరుతో పిలుస్తాడు. ఆమె పలుకుతుంది. పలక్క ఎక్కడికి పోతుంది?

ఇలా గొంతులు విప్పుతూ తొడుగుతూ ఉండగా, ఈ మధ్య ఆమె తనకు తానే తప్పిపోవడం మొదలైంది. గిన్నెలు తోముతూ తోముతూ, ఈ చేతులు ఎవరివా అన్నట్టు చూస్తూ ఉండిపోయేది. ఇంట్లోవాళ్ళు మాట్లాడుతుంటే పక్కింటి టీవీ వింటున్నట్టు ఉండేది. అలసట అనుకుంది. అలాగే అనుకోమని అందరూ సలహా ఇచ్చారు. ఒకరోజు పాపను బడి నుంచి తీసుకొస్తూ ఉండగా ఎక్కడో లైను తెగినట్టు తెగిపోయి, మందుల షాపు ముందు నిలబడి ఉండగా తెలివొచ్చింది. చేతిలో బడి సంచీ ఉంది. పాప లేదు.

వచ్చిన దారినే పరుగెత్తింది. రెండు సందుల అవతల టైలరు షాపు మెట్ల మీద పాప బుద్ధిగా కూర్చుని ఉంది.

"ఇక్కడెందుకు కూర్చున్నావే? నా వెనకాలే రావచ్చు కదా?"

"ఆగమ్మా అని పిలిచా కదా. నువ్వేమో 'మీ కాల్ మాకెంతో ముఖ్యం, దయచేసి లైన్లోనే ఉండండి' అన్నావు," అంది పాప. "అందుకే ఉన్నా."

నాలుగో సీటు ఆ మెట్ల మీదే కూలబడింది. ఈసారికి టైలరు షాపు అయింది, మరోసారి బస్సులు తిరిగే రోడ్డయితే? ఆ భయం ఆమెను రాత్రంతా నమిలింది. మర్నాడే సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్ళింది.

"మనసు డాక్టరుగారిని చూడాలండీ," అంది చీటీలిచ్చే గుమాస్తాతో.

"డాక్టరుగారిని చూడాలంటే ముందు మిమ్మల్ని మీరు చూసుకుని రావాలమ్మా. యాప్ దించుకోండి, ప్రశ్నలుంటాయి. పాసైతే చీటీ దానంతటదే వస్తుంది."

"పాసవడమంటే జబ్బు ఉన్నట్టా, లేనట్టా?"

గుమాస్తా ఈ కోణంలో ఎప్పుడూ ఆలోచించలేదు. "పాసవడమంటే పాసవడమేనమ్మా," అన్నాడు చివరికి.

ఇంటికొచ్చి దించుకుంటే యాప్ మర్యాదగా మొదలైంది. 'ప్రస్తుతం మీ భావం ఏమిటి? ఒకటి మాత్రమే ఎంచుకోగలరు' అంది. ఆమె 'భయం' ఎంచుకుంది. 'మీ నోటితో వేరెవరో మాట్లాడుతున్నట్టు ఉంటుందా?' అనే ప్రశ్నకు 'ఉంటుంది' అని నిజం చెప్పింది. 'ఎప్పుడెప్పుడు?' అంటే 'డ్యూటీ ఉన్న రోజుల్లో' అని రాసింది. యాప్ కాసేపు గిర్రున తిరిగి, జీతం తీసుకుని వేరే మనిషిగా ఉండటం లక్షణం కిందికి రాదనీ, నైపుణ్యం కిందికి వస్తుందనీ తెలియజేసి అభినందించింది. 'మీది కాని పేరుతో పిలిస్తే పలుకుతారా?' అని అడిగింది. పలక్కపోతే మేనేజరు ఊరుకోడని రాయడానికి అందులో గడి లేదు.

ప్రశ్నలు సాగుతూ ఉన్నాయి. సగానికొచ్చేసరికి ఆమెకు భయం పోయి విసుగు వచ్చింది. పాప వచ్చి భుజం మీద వాలి, 'మీ శరీరం మీది కాదనిపిస్తుందా?' అన్న ప్రశ్న పైకి చదివి, "మరి నానమ్మదా?" అని అడిగేసరికి ఆ విసుగులోనే నవ్వు కూడా వచ్చింది. అదే సమయంలో చివరి ప్రశ్న ఎదురైంది: 'ప్రస్తుతం మీ భావం ఏమిటి?' ఆమె అమాయకంగా 'నవ్వు' నొక్కింది.

దరఖాస్తు తిరిగి వచ్చింది. సంస్థలో నిలకడ అధికారి అని ఒకాయన ఉన్నాడు. ఆయన జారీ చేసిన నిలకడ నిబంధన ప్రకారం దరఖాస్తుదారు భావం మొదటి ప్రశ్న నుంచి చివరి ప్రశ్న దాకా మారరాదు. మారితే ఆ జవాబులు రాసింది ఒక్కరో ఇద్దరో తేల్చడం సంస్థకు సాధ్యం కాదు. మధ్యలో భావం మార్చుకోదలచినవారు ముందుగా భావమార్పిడికి దరఖాస్తు పెట్టుకుని, అనుమతి వచ్చేవరకు పాత భావంలోనే ఉండాలి. మొత్తం మీద, నాకు నిలకడ లేదని చెప్పుకోవడానికి వచ్చినవారు ఆ సంగతి నిలకడగా చెప్పాలి.

ఇంట్లో పంచాయితీ జరిగింది. ఆమె భర్త లిఫ్టుల మెకానిక్కు. ఏ సమస్యనైనా ఆ వృత్తిలోంచే చూస్తాడు.

"లిఫ్టు ఎక్కడ ఆగినా ఏ అంతస్తో నంబరు చూపిస్తుంది. నీకు అలాంటిదేమీ ఉండదా?"

"ఉంటే ఆసుపత్రికెందుకు పోతానండీ?"

"పోనీ ఫోనిటివ్వు, నేను నింపుతా. కోపం... తరచుగా."

"ఎవరికి?"

"నీకే."

"ఇప్పుడు వస్తోంది," అంది ఆమె.

అత్తగారు ఇదంతా మంచం మీద నుంచి వింటూ ఉంది. "ఉన్నదున్నట్టు చెప్తే సంబంధాలు కుదరవు, ఉద్యోగాలు రావు. అది మాకూ తెలుసు. రోగం కూడా కుదరదని ఇప్పుడే వింటున్నా," అంది. అని ఊరుకోకుండా, కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఉపాయం చెప్పింది. "నాకు పెళ్ళిచూపుల్లో నేర్పినదే నీకూ నేర్పుతా అమ్మాయ్. ఏమడిగినా తల దించుకుని ఒకటే మాట. మళ్ళీ తిప్పి అడిగినా అదే మాట."

నాలుగో సీటు ఆ విద్యను ఇట్టే పట్టేసింది. అసలు ఆమె వృత్తే అది. మొదట 'భయం', చివర 'భయం', మధ్యలో అన్నింటికీ ఒకే గొంతు. ఈసారి దరఖాస్తు వెనక్కి రాకుండా నిలిచింది. మర్నాటికే ఫలితం వచ్చింది: 'మీ జవాబుల్లో అసాధారణమైన నిలకడ కనిపించింది. మీరు ఒకే మనిషి అని ఇందుమూలంగా ధ్రువీకరించడమైనది. మీకు డాక్టరు అవసరం లేదు.' కింద ఒక పువ్వు బొమ్మ కూడా ఉంది.

ఆ పువ్వును చూసి ఆమెకు ఏడవాలనిపించింది. ఏడుపు రాలేదు. అది కూడా పక్కింటి టీవీలోనే ఉండిపోయింది. ఆ రోజు నుంచి ఆమె పాప చున్నీ కొసను తన మణికట్టుకు ముడేసుకుని రోడ్డు దాటడం మొదలుపెట్టింది. మూల్యాంకనం దారి మూల్యాంకనానిది, ముడి దారి ముడిది.

సంస్థ ఈలోగా, తమ ప్రశ్నావళి మీద ఫిర్యాదులు పెరుగుతున్నాయని గమనించి, ప్రశ్నలు తగ్గించకుండా ఫిర్యాదులు వినేవారిని పెంచింది. ఆ కాంట్రాక్టు ఎవరికి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

"ఏయ్ నాలుగో సీటూ, రేపట్నుంచి నువ్వు మనసు లైను," అన్నాడు మేనేజరు, కొత్త మాటల కార్డు చేతికిస్తూ. "కొత్త పేరు కార్డు మీదుంది. గొంతులో ప్రశాంతత ఉండాలి. అది జారిపోకుండా చూసుకో."

కార్డు మీద మొదటి మాట, 'మాట్లాడుతున్నది మీరేనని నిర్ధారించండి'. ఆమె అదే చదువుతూ కూర్చుంది. నిర్ధారించలేనివారికి రెండో మాట ఉంది: 'నిర్ధారించుకుని మళ్ళీ కాల్ చేయండి'.

ఒకరోజు మధ్యాహ్నం ఒక మంగలాయన ఫోన్ చేశాడు.

"మాట్లాడుతున్నది మీరేనని నిర్ధారించండి," అంది ఆమె ప్రశాంతంగా.

"అదేనమ్మా నా బాధ," అన్నాడాయన. "సగం గడ్డం గీశాక ఈ చెయ్యి నాది కాదనిపిస్తుంది. చేతిలో కత్తి, కింద మనిషి గొంతు. మీ ప్రశ్నలన్నీ నింపాను. నిలకడ లేదని వెనక్కి పంపారు. నిలకడగా నింపితే రోగం లేదన్నారు. నేనేం చెయ్యను తల్లీ? రేపు ఎవరికైనా ఏదైనా అయితే?"

కార్డు మీద మూడో మాట ఉంది. ఆమె నోరు తెరిచింది. మూడో మాట రాలేదు.

"అన్నా," అంది. "ఈ కార్డు పక్కన పెడుతున్నా. నాకూ ఇలాగే అవుతుంది. మా పాపని రోడ్డు మీద వదిలేసి వెళ్ళిపోయాను. నేనే వదిలేశాను. అప్పట్నుంచి దాని చున్నీ నా చేతికి కట్టుకుని నడుస్తున్నా."

"పని చేస్తుందామ్మా?"

"పాప లాగుతుంది. అప్పుడు తిరిగొస్తా. నువ్వు పక్క కుర్చీ ఆయనకి చెప్పి పెట్టు. నువ్వు ఆగిపోతే పేరు పెట్టి పిలవమను. ఆ క్షణమే కత్తి కింద పెట్టెయ్. సిగ్గుపడకు, ఇందులో సిగ్గేముంది? డాక్టరు దొరికేదాకా గడ్డాలన్నీ ఆయనకిచ్చెయ్, నువ్వు జుట్టు చూసుకో."

"కత్తెరైతే ఫర్వాలేదంటావా?"

"చెవులు జాగ్రత్త," అంది ఆమె. ఆయన నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

ఫోన్ పెట్టేశాక చెవికి హెడ్‌ఫోన్ ఒత్తుకుపోయి నొప్పి పెడుతున్నట్టు తెలిసింది. ఆ చెవి తనదే. కన్నీళ్ళు జలజలా కారాయి. అవీ తనవేనని తెలిసి, ఏడుస్తూ ఏడుస్తూనే ఆమెకు చెప్పలేనంత సంతోషం వేసింది. (ఒకేసారి రెండు భావాలు. నిలకడ అధికారి అక్కడ లేకపోవడం ఆయన ఆరోగ్యానికి మంచిదయింది.)

కాల్స్ అన్నింటినీ స్వర తనిఖీ యంత్రం వింటుంది. సాయంత్రం మేనేజరు పిలిచాడు.

"మధ్యాహ్నం నీ సీట్లో ఎవరిని కూర్చోబెట్టావమ్మా?"

"నేనే ఉన్నాను సార్."

"నీ గొంతు ఇక్కడ మూడు రకాలుగా నమోదై ఉంది. ఈ కాల్ వాటిలో దేనితోనూ కలవడం లేదు. నువ్వు అలా మాట్లాడవు."

"అలాగే మాట్లాడేదాన్ని సార్. ఇంతకు ముందు."

"ఇంతకు ముందుది మా దగ్గర లేదు," అన్నాడు మేనేజరు, నిజంగానే సానుభూతితో. ఆయన మంచివాడు. వెంటనే సంస్థకు రాశాడు, సంస్థ వెంటనే కదిలింది. ఇన్నాళ్ళూ ఎన్ని దండాలు పెట్టినా రాని డాక్టరు చీటీ, అడగకుండానే, అత్యవసరమని ఎర్రటి గీతతో వచ్చింది. నాలుగో సీటు దాన్ని కళ్ళకద్దుకుని, పాపను వెంటపెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. చున్నీ ముడి మణికట్టుకు ఉంది.

గుమాస్తా చీటీని పైకి కిందికి చదివాడు. "రోగి: కాల్‌లో మాట్లాడిన గుర్తు తెలియని మహిళ. సహాయకురాలు: నాలుగో సీటు ఉద్యోగిని, నిలకడ ధ్రువపత్రం కలదు." తలెత్తాడు. "సహాయకురాలు మీరు. పేషెంటేరమ్మా?"

"నేనేనండీ ఆవిడ."

"మీరు ఒకే మనిషని కాయితం ఉంది కదమ్మా. ఆవిడ కూడా మీరే ఎలా అవుతారు?"

నాలుగో సీటు ఏదో చెప్పబోయింది. కానీ నోట్లోంచి ప్రశాంతత ఉన్న గొంతొకటి "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అంది. పాప చున్నీ లాగింది. మళ్ళీ లాగింది. "అమ్మా, నువ్వే చెప్పు," అంది.

"కూర్చోండి, ఆవిడ వస్తే పిలుస్తా," అన్నాడు గుమాస్తా.

ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. డాక్టరుగారు వెళ్ళిపోయే వేళకు గుమాస్తా పద్ధతి ప్రకారం రిజిస్టరులో రాసి మూసేశాడు: సహాయకురాలు సకాలంలో హాజరు, రోగి గైర్హాజరు.