పోయినేడాది చెత్త

భూగోళాన్ని కాపాడాలంటే ముందు దాన్ని ఎంత పాడుచేశామో తూకం వేసి చూపించాలని కళాశాల హరిత సంగీతోత్సవ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. సంగీతోత్సవంలో చెత్తనీ పొగనీ పోయినేడాది కంటే సగానికి తగ్గించిన కళాశాలకి బహుమతి ఇస్తామని పైవాళ్లు ప్రకటించారు మరి. తగ్గించడం పెద్ద పనేమీ కాదు. చిక్కల్లా పోయినేడాది చెత్తతోనే వచ్చింది. అప్పట్లో దాన్ని ఎవరూ తూచలేదు. (చెత్తని చెత్తగానే చూసిన అజ్ఞానపు రోజులవి.)

సంఘం అధ్యక్షులైన ఫిజిక్స్ మాస్టారు తొణకలేదు. పోయినేడాది ఉత్సవాన్నే మళ్లీ ఉన్నదున్నట్టు జరిపించి, చెత్త తూచుకుని, ఆ తర్వాత తీరిగ్గా ఈ ఏటి ఉత్సవం పెట్టుకుందామన్నారు. మొదటిదానికి ‘ప్రామాణిక ఉత్సవం’ అని పేరు కూడా ఖాయం చేశారు.

ఈ కబురుకి అందరికంటే ఎక్కువ సంబరపడింది సగంపాట. ఆ అమ్మాయికి ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉంది. పోయినేడాది తను సొంతంగా కట్టిన పాట పాడుతుంటే, పల్లవి అవగానే డీజిల్ అయిపోయి జనరేటర్ ఆగిపోయింది. అప్పట్నుంచీ కాలేజీ అంతా అలాగే పిలుస్తోంది. క్యాంటీన్ అతను కూడా ‘సగంపాటకో టీ’ అనే కేకేస్తాడు. తనకిదే ఆఖరి ఏడాది. వెళ్లేలోపు ఆ పాటని చివరిదాకా పాడి, ఆ పేరు వదిలించుకుని పోవాలని ఆమె పంతం. ఇప్పుడు ఒకటికి రెండు అవకాశాలు.

ప్రామాణిక ఉత్సవం కోసం సంఘం రాత్రింబవళ్లు కష్టపడింది. అటక మీది ప్లాస్టిక్ గ్లాసులు దింపారు, చాలకపోతే కొత్తవి తెప్పించారు. మూలపడ్డ జనరేటర్‌ని మెకానిక్ బాగుచేస్తే, పొగ తగ్గిందని గొడవపడి మళ్లీ పాడుచేయించారు. అలవాటుకొద్దీ చెత్తబుట్ట వైపు నడిచిన విద్యార్థుల్ని ఉపసంఘం సభ్యులు మధ్యలోనే ఆపి, గ్లాసు కిందే పడేయమని మర్యాదగా మనవి చేశారు. (మొండికేసి బుట్టలోనే వేసినవాణ్ణి క్రమశిక్షణా సంఘానికి అప్పగించారు.)

ఆ ఉత్సవంలో వేదికెక్కిన సగంపాట పల్లవి ముగించి చరణం అందుకోబోయింది. మాస్టారు తలూపారు. జనరేటర్ ఆగింది. ఆమె కిందికొచ్చి, ఎందుకు ఆపారని అడిగింది.

“పోయినేడాది నువ్వక్కడే కదమ్మా ఆగావు? పూర్తిగా పాడితే డీజిల్ లెక్క తేడా వచ్చేస్తుంది,” అన్నారాయన ఓపిగ్గా. అసలు ఉత్సవంలో ఎంతసేపైనా పాడుకోమని మాట కూడా ఇచ్చారు.

ఆ మాట పట్టుకుని ఆమె గొంతు బొంగురుపోయేదాకా సాధన చేసింది. హాస్టల్ గదిలో ఉండే నేస్తం పరీక్షల చదువు ఎలాగూ సాగక ఆ చరణాన్నే కంఠతా పట్టేసింది.

ఈలోగా చెత్త తూకం పూర్తయింది. ఆ గుట్ట చూసి సభ్యులు మురిసిపోయారు. అప్పుడు లెక్కల మేడమ్‌కి ఓ సందేహం వచ్చింది. సగమే ఎందుకు తగ్గించడం, ఉత్సవమే పెట్టకపోతే మొత్తం తగ్గిపోతుంది కదా అన్నారు. ఇంత తెలివి ఇన్నాళ్లూ ఎక్కడ దాచుకున్నారండీ అని మాస్టారు ఆమెని తెగ మెచ్చుకున్నారు. ఉత్సవం పెట్టలేదు. బహుమతి వచ్చింది.

మర్నాడు సగంపాట మాస్టారి గదికి వెళ్లింది. బల్ల మీద షీల్డు తళతళలాడుతోంది. ఒళ్లు మండిపోతున్నా నెమ్మదిగానే అడిగింది.

“మరి నా పాట సంగతేంటి సర్?”

మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఒక విద్యార్థి కోసం ఆయన లేవడం అదే మొదలు.

“అసలు ఉత్సవంలో నీ పాట వల్ల ఒక్క గ్లాసు కింద పడలేదు, ఒక్క చుక్క డీజిల్ తగలబడలేదు. ఇంత పర్యావరణహితంగా ఈ కాలేజీలో ఇంతవరకూ ఎవరూ పాడలేదమ్మా.”