అక్షర క్రమంలో ఇరవై మూడు మాటలు

ఆదివారం పొద్దున తాళాలాయన పెట్టుకున్న పని చాలా చిన్నది. కాఫీ తాగాలి. బావమరిది పంపించిన అగ్గిపెట్టంత హార్డ్‌వేర్ వాలెట్‌ని ఫోనుకు తగిలించాలి. ఆరేళ్ళుగా కూడబెట్టిన బిట్‌కాయిన్లను ఫోను యాప్‌లోంచి దానిలోకి మార్చాలి. పదింటికల్లా షాపు తెరవాలి.

ఆ కాయిన్లు అమ్మితేనే ఇరవై ఏళ్ళుగా అద్దెకున్న షాపు గది ఆయన సొంతమవుతుంది. గది యజమాని శుక్రవారం దాకా గడువిచ్చాడు. ఆయన కొనకపోతే పక్కనున్న పళ్ళరసాలాయన కొంటాడు, మధ్య గోడ కొట్టి ఇంకో రెండు మిక్సీలు పెడతాడు. ధర పెరుగుతోంది, గురువారం అమ్ముదామని బావమరిది సలహా. అయితే పోయిన వారమే ఇలాంటి యాప్ ఒకటి జనం సొమ్ముతో సహా రాత్రికి రాత్రే మాయమైంది. అందుకే ఈ పెట్టె.

"బావా, నేను డ్యూటీకి పోతున్నా. అక్కడ ఫోను గేటు దగ్గర లాకర్లో పెట్టాలి, నాలుగింటి దాకా దొరకను. జాగ్రత్తగా విను. పెట్టె చూపించే ఇరవై నాలుగు ఇంగ్లీషు మాటల్ని వరసగా కాగితం మీద రాసుకో, ఫొటో తియ్యకు. పెట్టె పోయినా చెడినా, ఆ మాటలు అదే వరసలో ఉంటేనే సొమ్ము మళ్ళీ దొరుకుతుంది. ఎవరడిగినా చెప్పకు, అడిగినవాడు దొంగే అనుకో. ముందు కొంచెమే పంపు. పెట్టెని చెరిపేసి, ఆ మాటలతో మళ్ళీ తెరుచుకుంటోందో లేదో చూసుకుని, అప్పుడు మిగతాది పంపు," అని బావమరిది పొద్దున్నే ఫోనులో చెప్పాడు.

"ముప్పై ఏళ్ళ నుంచి తాళాలతో కాపురం చేస్తున్నానయ్యా. నాకు నేర్పుతావా?" అన్నాడు తాళాలాయన. అని, కొంచెం పంపడం మానేసి మొత్తం ఒకేసారి పంపేశాడు.

మాటల్ని మాత్రం ఒక పాత బిల్లు వెనక బుద్ధిగా రాసుకున్నాడు. జీబ్రా, స్పూన్, లెమన్, అంబ్రెల్లా, ఇలా ఒకదానికొకటి సంబంధం లేని జాబితా. ఆ కాగితాన్ని తాళం వేసి దాచలేదు. తాను తెరవలేని తాళం లేదని ఆయన గర్వం. తాను తెరవగలిగిందాన్ని మరొకడు తెరవలేడా అని ఆయన భయం. కనుక ఇంట్లో అలమరలోంచి పుట్టి బుద్ధెరిగి ఎవరూ ముట్టుకోని "తేనెటీగల పెంపకం" రెండో భాగం తీసి, అందులో పెట్టాడు. భార్యకు చెప్పలేదు. ఎవరికీ చెప్పొద్దన్నప్పుడు భార్య కూడా ఎవరో ఒకరే కదా.

ఆయన మరిచిపోయిన సంగతి ఒకటుంది. ఆ భార్య ఇరవై రెండేళ్ళుగా లైబ్రేరియన్. సెలవు రోజున మనుషులు సినిమాకు పోతారు. ఆవిడ ఇంట్లో పుస్తకాలన్నీ దింపి, దులిపి, లెక్క సరిచూసి మళ్ళీ సర్దుతుంది.

షాపులో బేరాల్లేవు. పళ్ళరసాలాయన గ్లాసు తుడుచుకుంటూ వచ్చి, కౌంటరు మీదున్న పెట్టెను చూశాడు.

"ఏంటన్నా ఇది?"

"కొత్త రకం తాళంలే."

"నువ్వు కూడా తియ్యలేవా?"

ఆ మాటతో తాళాలాయన పౌరుషానికి నిప్పంటుకుంది. ఏ తాళం చేతికొచ్చినా ముందు తాళంచెవి లేకుండా తెరిచి చూడడం ఆయన చిన్ననాటి అలవాటు. తాళం బలం తెలియాలంటే దొంగలా ఆలోచించాలని ఆయన గురువు చెప్పిన పాఠం. పొద్దున పెట్టెకు పెట్టుకున్న పిన్ నంబరు తనకు తెలుసన్న విషయాన్ని పక్కనపెట్టి, దొంగైతే ఏం కొడతాడని ఆలోచించాడు. తన పుట్టిన తేదీ కొట్టాడు. తప్పు. పెళ్ళి తేదీ కొట్టాడు. తప్పు. షాపు నంబరు కొట్టాడు. పెట్టె ఒక్క క్షణం ఆలోచించి, మూడుసార్లు తప్పు పిన్ కొట్టినందున తనలో ఉన్నదంతా చెరిపేసుకున్నానని మర్యాదగా రాసి చూపించింది.

"చూశావా! నావల్ల కూడా కాలేదు. తాళమంటే ఇదీ!" అని తాళాలాయన మురిసిపోయాడు. పావు నిమిషం మురిసిపోయాక ఆ తాళం వెనకున్నది తన సొమ్మేనని గుర్తొచ్చింది. అయినా బెదరలేదు. మాటలున్నాయిగా! షట్టరు సగం దించి ఇంటికి నడిచాడు.

"తేనెటీగల పెంపకం" రెండో భాగంలో తేనెటీగలు తప్ప ఏమీ లేవు.

"ఇందులో కాగితం ఉండాలే?" అన్నాడు, గొంతు మామూలుగా ఉంచడానికి తంటాలు పడుతూ.

భార్య నవ్వింది. పెళ్ళయిన కొత్తలో తప్ప అంత మెత్తగా నవ్వినట్టు ఆయనకు జ్ఞాపకం లేదు. "నాకు తెలిసిపోయిందండీ. మొన్న షాపుకొచ్చినాయన ఇంగ్లీషులో అడిగితే తడబడ్డారని, ఎవరికీ తెలియకుండా ఇంగ్లీషు నేర్చుకుంటున్నారు కదూ? ఈ వయసులో! నాకెంత ముచ్చటేసిందో." అని ఒక చిన్న అట్టపెట్టె చేతిలో పెట్టింది. "మాటకొక కార్డు రాశాను. వెతుక్కోవడానికి వీలుగా ఇంగ్లీషు అక్షర క్రమంలో పెట్టాను."

తాళాలాయన మూత తీశాడు. అంబ్రెల్లా వెనక్కి పోయింది. జీబ్రా ఆఖరున నిలబడింది. లెక్కపెడితే ఇరవై మూడే ఉన్నాయి.

"ఒకటి తక్కువుంది!"

"లెమన్ రెండుసార్లుంది. నకలు తీసేశాను."

"మరి నా కాగితం?"

"గ్రీజు మరకల బిల్లుకు విలువేంటండీ? చింపి చెత్తలో వేశాను. బండి వచ్చి వెళ్ళి గంటైంది."

కోప్పడదామంటే అవతల అంత ప్రేమ కనబడుతోంది. నిజం చెబుదామంటే ఇంత సొమ్ము ఆవిడకు చెప్పకుండా పుస్తకంలో దాచినట్టు ఒప్పుకోవాలి. కక్కలేక మింగలేక అట్టపెట్టె పట్టుకుని గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. బావమరిది ఫోను లాకర్లో ఉంది. ఇంటర్నెట్‌లో వెతికితే "వాలెట్ సహాయ కేంద్రం" అని మొదటే ఒక నంబరు కనబడింది.

అవతలి గొంతులో తేనె కారుతోంది. "కంగారు పడకండి సార్. రోజుకు వందమంది చేస్తారు. మీ మాటలు ఒక్కసారి చదవండి, మా సిస్టంలో సరిచూసి తెరిచేస్తాం."

అడిగినవాడు దొంగే అన్న బావమరిది హెచ్చరిక తాళాలాయనకు గుర్తొచ్చింది. కాని అది బయటివాళ్ళ గురించి చెప్పిన మాట కదా, వీళ్ళు కంపెనీ వాళ్ళాయె! కార్డులు ఒక్కొక్కటే తీసి చదివాడు. లెమన్ రెండుసార్లు వస్తుందని కూడా నిజాయితీగా చెప్పాడు. వరస సంగతి మాత్రం ఆయన చెప్పలేదు, అవతలివాడు అడగలేదు.

నాలుగూ పదికి బావమరిది ఫోను చేశాడు. సంగతంతా విన్నాడు.

"బావా, కొరివితో తల గోక్కున్నావు. వాడు దొంగ. వరసగా చదివి ఉంటే ఈపాటికి ఒక్క కాయిన్ మిగిలేది కాదు."

"వరసగా చదవలేదయ్యా, మీ అక్క అక్షర క్రమంలో పెట్టిన కార్డులు చదివాను."

అవతల నవ్వు మొదలైంది. "అయితే మా అక్క కాపాడిందన్నమాట! ఆ మాటల్ని ఎన్ని రకాలుగా పేర్చొచ్చో తెలుసా? భూమ్మీదున్న కంప్యూటర్లన్నీ కూర్చున్నా తెమలదు. వాడి తరం కాదు." నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది. "కాని బావా... మన తరం కూడా కాదు."

తాళాలాయన మంచం మీద కూలబడ్డాడు. ఆరేళ్ళు. మానుకున్న ప్రయాణాలు, వాయిదా వేసిన కళ్ళజోడు, ఆవిడ జీతంలోంచి నెలనెలా ఇచ్చింది. అన్నీ పోయాయి. శుక్రవారం గోడ కూలిపోయి మిక్సీలు తిరుగుతున్న చప్పుడు ఇప్పుడే వినబడుతోంది. తలుపు తీసి, భార్య ఎదురుగా నిలబడి, మొదటినుంచీ చెప్పేశాడు.

ఆవిడ మొత్తం విన్నది. "నాకొక్క మాట చెప్తే మీ సొమ్మేం పోయిందండీ?" అంది.

"సొమ్మంతా పోయిందే!"

"ఇప్పుడు మీకు కావలసింది ముందున్న వరసేనా?"

"అదే."

ఆవిడ లేచి వెళ్ళి ఒక లావుపాటి రిజిస్టరు తెచ్చింది. "ప్రవేశ పుస్తకంలో ఎక్కించకుండా కార్డు రాస్తే నన్ను లైబ్రేరియన్ అంటారా? వచ్చినవి వచ్చిన వరసలో ఎక్కించాకే కదా అక్షర క్రమం." పేజీ తిప్పి చూపించింది. ఒకటి, జీబ్రా. రెండు, స్పూన్. మూడు, లెమన్. అలా ఇరవై నాలుగు, నీలి సిరాతో. పంతొమ్మిదో గడిలో: లెమన్, నకలు, తొలగించడమైనది.

తాళాలాయన ఆ పుస్తకాన్ని కళ్ళకద్దుకున్నాడు. "ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. "అడిగితేగా!" అందావిడ. బావమరిది ఫోనులో ఉండి దగ్గరుండి నడిపించగా మాటలన్నీ వరసగా పెట్టెలోకి ఎక్కాయి, కాయిన్లు కనబడ్డాయి. దొంగ చెవిన పడిన మాటలు ఇక వద్దని బావమరిది కాయిన్లను తాత్కాలికంగా ఫోను యాప్‌లోకి పంపించి, పెట్టెను మళ్ళీ చెరిపించి, కొత్త మాటలు పుట్టించి, ముందు కొంచెం, పరీక్షించాక మిగతాది, అందులోకి మార్పించాడు. ఈసారి తాళాలాయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

ఏడింటికి ఫోను మోగింది. ఆవిడే తీసింది. తేనె గొంతు ఇప్పుడు బాగా అలిసిపోయి ఉంది.

"మేడం, సార్ చదివిన వరస సరైనదేనా? పొద్దుటి నుంచి ప్రయత్నిస్తున్నాం."

"సరైనదే బాబూ. అక్షర క్రమం కంటే సరైన వరస ఏముంటుంది?" అని పెట్టేసింది.

శుక్రవారం గది తాళాలాయన పేరు మీదికి వచ్చింది. గది కొనగా మిగిలిన పిసరంత బిట్‌కాయిన్ ఇంకా ఆ పెట్టెలోనే ఉంది. కొత్త మాటల్ని ఆయన స్టీలు రేకు మీద తన చేత్తో చెక్కి, తుడిచి, భార్యకిచ్చాడు. దాన్ని ఎక్కడ దాచిందో వాళ్ళిద్దరికే తెలుసు. రేకు అడుగున ఆవిడ పట్టుబట్టి చెక్కించుకున్న వాక్యం మాత్రం చెప్పొచ్చు: "రిఫరెన్సు విభాగం. ఇంటికి ఇవ్వబడదు."