మగ్గం గుంతలో బాలింత

ఎమ్మిగనూరులో ఒక మగ్గం ఆగిపోవాలంటే మూడే మూడు కారణాలు ఉండవచ్చునని పైవారు నిర్ణయించారు. నూలు లేకపోవడం ఒకటి, మగ్గం లేకపోవడం రెండు, నేతగాడు లేకపోవడం మూడు. నాలుగో కారణంతో మగ్గాన్ని ఆపే స్వేచ్ఛ ఏ నేతగాడికీ లేదు. (ఈ నిర్ణయం చేసిన కమిటీలో మగ్గాన్ని చూసినవారు ఒకరున్నారట. ఫొటోలో.) ఆ మూడు కారణాలనూ 'నేతనేత్రం' అనే యాప్‌లో పెట్టి, వార్డుకొక అమ్మాయి చేతికిచ్చి వీధుల మీదికి పంపించారు.

ఇంత పటిష్ఠమైన ఏర్పాటుకు పెద్దయ్య ఇంట్లో పిల్లి వల్ల భంగం కలిగింది.

పెద్దయ్యది గుంత మగ్గం. అంటే నేలలో గుంత తవ్వి, గట్టు మీద కూర్చుని, కాళ్లు గుంతలోకి దించి తొక్కుతూ నేసేది. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన కాళ్లు నేల మీదకన్నా ఆ గుంతలోనే ఎక్కువ కాలం ఉన్నాయి. భార్య ఉరుకుందమ్మ రాట్నం దగ్గర కూర్చుని నూలు కండెలు చుట్టి ఇస్తుంది. వీళ్లిద్దరి మీదా అధికారి, దొరసాని అనే ఆ పిల్లి. ఒక వానరోజు కిటికీలోంచి దిగి, ఇల్లంతా పరిశీలించి, మడత పెట్టిన చీర మీద కూర్చుని విధుల్లో చేరింది. నియామక పత్రం చూపించమని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

దొరసాని పద్ధతులు దొరసానివి. స్టీలు గిన్నెలో పోసిన పాలను తిరస్కరిస్తుంది. అవే పాలను పెద్దయ్య అరచేతిలో పోసుకుని సమర్పిస్తే ఆమోదిస్తుంది. ఉరుకుందమ్మ పిలిస్తే రాదు. పిలవకపోతే వచ్చి, ఎందుకు పిలవలేదన్నట్టు చూస్తుంది. తలుపు తీయమని ఇల్లు అదిరేలా అరుస్తుంది. తీరా తీస్తే గడప మీద నిలబడి, బయటికి వెళ్లే విషయాన్ని పరిశీలనలో ఉంచుతుంది.

కానీ ఒక్క విషయంలో ఆమెను తప్పు పట్టడానికి లేదు. పోగుల మధ్య నాడె అటూ ఇటూ కొట్టుకుంటూ చప్పుడు చేస్తున్నంతసేపూ హాయిగా నిద్రపోతుంది. ఆ చప్పుడు ఆగిందా, కళ్లు తెరుస్తుంది. పెద్దయ్య బీడీ ముట్టించుకునేందుకు లేచినా సరే, వచ్చి ఎదురుగా కూర్చుని ఆయన మొహంలోకి చూస్తుంది.

"పోతాండా తల్లీ, పోతాండా" అని ఆయన సగం బీడీ ఆర్పేసి గుంతలోకి దిగుతాడు.

"ఇన్నేండ్ల కాపురంలో నేను సెప్తే ఒక్క బీడీ అన్నా ఆర్పినావా?" అని ఉరుకుందమ్మ రాట్నాన్ని కాస్త గట్టిగా తిప్పుతుంది.

ఆ సోమవారం పొద్దున పెద్దయ్య గుంతలోకి కాళ్లు దించబోయి గబుక్కున వెనక్కి లాక్కున్నాడు. లోపల పాత గోనెపట్టా మీద దొరసాని పడుకుని ఉంది. పొట్టకు అతుక్కుని నాలుగు పిల్లలున్నాయి.

"ఏమే! ఈడ సూడు, మారాణి యాడ ఈనిందో!"

ఉరుకుందమ్మ వచ్చి చూసి, మొగుణ్ణి రెండడుగులు వెనక్కి నెట్టింది. "కదిలించొద్దు. బాలింత అది. పిల్లల్ని ఏడిండ్లు తిప్పుకుంటాది గదా, దాని పొద్దుకి అదే పోతాది. మనం ఎత్తి బయటేస్తిమంటే ఆ పాపం మగ్గానికి తగులుతాది."

నేసేవాళ్ల వీధిలో ఇది శాసనం. పిల్లి పిల్లల్ని పెడితే ఇల్లు దానిదే, అది తనంతట తాను ఏడిళ్ల యాత్ర మొదలుపెట్టేదాకా ఇంటివాళ్లే అద్దెకున్నట్టు లెక్క. (దీనికి జీవో నంబరు లేదు. అందుకే అందరూ పాటిస్తారు.) పక్కింటి ఆంజనేయులు కూడా తన మగ్గం దిగి వచ్చి, తల్లిని కదిలించడం ఎంత ఘోరమో చాలాసేపు వివరించి వెళ్లాడు.

మంగళవారం భారతి వచ్చింది. పక్క వీధి పిల్ల, ఆదోనిలో డిగ్రీ చదివి వార్డు ఆఫీసులో పనిచేస్తోంది. శుక్రవారం సాయంత్రంలోగా ప్రతి నేతగాడూ మగ్గం మీద కూర్చున్న ఫొటో యాప్‌లోకి ఎక్కాలి, ఎక్కకపోతే నేతగాళ్ల జాబితాలోంచి పేరు తీసేస్తారు. పేరు పోతే ప్రభుత్వ సాయమూ పోతుంది, తక్కువ ధర నూలూ పోతుంది. పెద్దయ్యకు వాటికన్నా పెద్ద దిగులు ఇంకొకటుంది. ఆయన తండ్రి ఆ గట్టు మీద కూర్చునే నేశాడు, తాత కూడా అక్కడే నేశాడు. ఈ వయసులో 'నువ్వు నేతగాడివి కావు' అనిపించుకుంటే వీధిలో తలెత్తుకుని నడవడమెట్లా?

"పెద్దనాయనా, మగ్గంలో కూర్చో. కాళ్లు గుంతలో కనబడల్ల, రెప్ప ఒకసారి కొట్టల్ల. అంతే" అంది భారతి ఫోను ఎత్తి.

"ఎట్ల కూర్చునేది పాపా? లోపల బాలింత ఉండాది."

భారతి వంగి చూసింది. దొరసాని కూడా చూసింది.

"రెండు నిమిషాలు, దాని మీద పడకుండా పెట్టు."

పెద్దయ్య ప్రభుత్వం మీది గౌరవం కొద్దీ కుడికాలు దించాడు. దొరసాని తన అభ్యంతరాన్ని ఆయన పిక్క మీద గోళ్లతో నమోదు చేసింది. కాళ్లు మడుచుకుని గట్టు మీద కూర్చుంటే యాప్ 'కాళ్లు గుర్తించబడలేదు' అంది.

"పోనీ, మగ్గం ఆగిందని పెట్టి కారణం రాయి పాపా."

"రాసేదేం ల్యా పెద్దనాయనా, మూడు ఉండాయి, నొక్కేదే."

"పిల్లి ఈనిందని ల్యా?"

భారతి పాపం మళ్లీ ఒకసారి పైనుంచి కిందిదాకా వెతికింది. "ల్యా."

ఆదోనిలో ఉండే అదనపు ఉప నిర్ధారణాధికారి జయరాం సారుకు ఫోను చేసింది. పిల్లి తమ పరిధిలోకి రాదని, పశువుల శాఖను సంప్రదించాలని ఆయన సెలవిచ్చాడు. పశువుల శాఖవారు చెవికి ట్యాగు ఉందా అని అడిగారు. లేదు. ట్యాగు లేనిది రికార్డుల్లో ఉండదు కాబట్టి గుంతలో ఏమీ లేదని తేల్చారు. ఈ మాట విని జయరాం సారు ఎంతో సంతోషించాడు. "గుంతలో ఏమీ లేదని వాళ్లే అంటున్నారు గదమ్మా, ఇంక కూర్చోమనండి."

పెద్దయ్య పిక్కకు పసుపు రాసుకుని, ఇక దొరసాని బదిలీ ప్రయత్నాలు మొదలుపెట్టాడు. బదిలీ అన్నది తనంతట రానప్పుడు రప్పించుకోవాలన్న సంగతి ఆయనకూ తెలుసు. ముందుగా ఆంజనేయులి దగ్గరికి పోయాడు.

"తమ్ముడూ, చేప తలకాయ మీ ఇంట్లో పెడదామా? రెండో ఇల్లు మీదైతే..."

"అన్నా, నీ కాళ్లు మొక్కుతా. నా ఫొటో ఇంకా ఎక్కల్యా!" అన్నాడు ఆంజనేయులు. అనడమే కాదు, అప్పటికే తన గుంత మీద పలకలు పరిచి, పలకల మీద తిరగలి పెట్టుకున్నాడు. ఆ పూటకు వీధిలోని గుంతలన్నీ మూతబడ్డాయి. (తల్లి మీద గౌరవం మాత్రం ఎవరికీ తగ్గలేదు.)

మేరి ఒక్కతే సరేనంది. ఆమె గోనెగండ్ల వైపు పత్తి తీతకు పోయే కూలి మనిషి. "మా ఇంట్ల మగ్గం ల్యా, ఫొటో బాధ ల్యా. గంప ఖాళీగానే ఉండాది, రానీ పెద్దయ్యన్నా" అని గంపలో పాత చీర పరిచింది. దొరసాని చేప వాసన వెంట వెళ్లింది. చేప తింది. గంపను మూడు వైపులా వాసన చూసింది. ఎదురింటి కుక్కను గమనించింది. స్థలం అనుకూలంగా లేదని తేల్చుకుని తిరిగి గుంతలోకి వచ్చి పడుకుంది. తనిఖీకి వచ్చినవారు భోంచేసి వెళ్లడం మన ప్రాంతంలో కొత్తేమీ కాదు గనక మేరి ఏమీ అనుకోలేదు.

శుక్రవారం సాయంత్రం భారతి చెమటలు కక్కుతూ వచ్చింది. "పెద్దనాయనా, ఐదు కొడితే మూసేస్తాది. నీది ఒకటి తేలకపోతే వీధి మొత్తానివీ ఎక్కవంట."

ఉరుకుందమ్మకు రోషం వచ్చింది. "తాతల నాటి పేరు పిల్లి కోసం పోగొట్టుకుంటామా? నేనే ఎత్తి బయట పెడతా, పాపం నాకే తగలనీ!" అని కొంగు దోపుకుని గుంతలోకి వంగింది. చాలాసేపు అట్లాగే వంగి ఉంది. తర్వాత ఉత్త చేతులతో లేచింది.

"కండ్లు కూడా తెరవల్యా అయి. నాకు చేతులు రావడంల్యా" అంది ఏడుపు గొంతుతో.

"వద్దులే. మా యమ్మ నన్ను కనింది కూడా ఈ గుంత పక్కనే" అన్నాడు పెద్దయ్య. "నొక్కు పాపా, ఏదో ఒకటి."

నూలు లేదని నొక్కితే, నూలిచ్చిన డిపోవాళ్లకు నోటీసు పోతుంది. మగ్గం లేదని నొక్కితే మగ్గం శాశ్వతంగా పోతుంది. నేతగాడు లేడని నొక్కితే, తిరిగి వచ్చానని అర్జీ పెట్టుకునే వీలుంది. అన్నిటికన్నా తేలిగ్గా పోగొట్టదగ్గది నేతగాడే అని తేలింది.

"నేతగాడు లేడని నేతగాడే ఒప్పుకోవల్లంట పెద్దనాయనా. నీ ఫోనుకి ఓటీపీ వస్తాది, సెప్పు."

పెద్దయ్య కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కొక్క అంకే కూడబలుక్కుంటూ చదివాడు. యాప్ ఆకుపచ్చగా వెలిగి 'ధన్యవాదాలు. నేతగాడు లేనట్టు నిర్ధారణ అయింది' అంది.

"ఏమే, నేను ల్యానంట" అన్నాడు ఆయన. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

"ఉండి మాత్రం ఏం ఉద్ధరించినావు? లేచి ఆ కండెలు పక్కన పెట్టు" అని ఉరుకుందమ్మ మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున చూస్తే గుంత ఖాళీ. దొరసానీ లేదు, పిల్లలూ లేవు. యాప్ మూసిన మర్నాడే బదిలీ మీద వెళ్లిపోయింది. వీధంతా వెతికినా జాడ దొరకలేదు. లేని నేతగాడు ఉన్న మగ్గం మీద కూర్చుని నేయడం మొదలుపెట్టాడు. మధ్యలో బీడీ ముట్టించాడు. ఎవరూ వచ్చి ఎదురుగా కూర్చోలేదు. బీడీ చివరిదాకా కాలింది, ఆయనకు రుచించలేదు. మగ్గం ఆగిందని ఆఫీసులవాళ్లు రాసుకున్నారు గానీ, ఎందుకాగిందని వచ్చి చూసింది అదొక్కతే కదా అని దిగులేసింది.

సోమవారం నాడు, తాను ఉన్నానని అర్జీ రాయించుకుని వార్డు ఆఫీసుకు పోయాడు. భారతి కాగితం తీసుకుని ఇనప బీరువా వైపు చూసింది.

"అర్జీలు పెట్టేది ఆ కింది అరలోనే పెద్దనాయనా. కానీ..."

ఆ అర తలుపు ఎప్పటినుంచో సరిగా పడదు. లోపల, దారంతో కట్టిన అర్జీల కట్ట మీద, దొరసాని పడుకుని ఉంది. నాలుగు పిల్లలూ క్షేమం. ఎవరూ ఎప్పటికీ చెయ్యి పెట్టని చోటు ఊళ్లో ఎక్కడుందో ఆమె సరిగ్గానే కనిపెట్టింది.

"జయరాం సారుని అడిగినా. బాలింతని కదిలిస్తే పాపం, ఏడిండ్లు తిరిగినాక ఆ అర్జీలు సూద్దాం అన్నాడు" అంది భారతి.

"ఇది ఎన్నోది పాపా?"

"రెండోది."

"మేరి ఇల్లు లెక్కకి రాదా?"

"ఆడ పిల్లల్ని పెట్టల్యా గదా. అది ఉత్త తనిఖీ."

పెద్దయ్య కింద కూర్చుని, అర్జీని మెల్లగా లోపలికి జరిపాడు. దొరసాని కళ్లు తెరిచి, మగ్గం వదిలి ఈ వేళప్పుడు ఇక్కడేం పని అన్నట్టు ఆయన మొహంలోకి చూసింది.

"పోతాండా తల్లీ, పోతాండా" అన్నాడు ఆయన.

దొరసాని అర్జీని వాసన చూసి, పంజాతో దగ్గరికి లాక్కుని, తన పిల్లల్లో చిన్నదాన్ని ఆ కాగితం మీద పడుకోబెట్టింది. ఆ బీరువాలో పెట్టిన అర్జీ పెట్టిన రోజే ఒకరికి పనికి రావడం అదే మొదటిసారి.