తలుపు తీసినవాళ్ళ పేరు

కొత్తపాడు పురపాలక సంఘం పరిధిలో కాయగూరలు వాడిపోవడం మానేసి చాలా ఏళ్ళయింది. వాటి బదులు ఇంటికొకరు చొప్పున మనుషులు వాడిపోతున్నారు.

ఇది ఎప్పుడు మొదలైందో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. మొదట్లో జనం తోటకూర వారమైనా నిగనిగలాడుతోందని సంబరపడ్డారే తప్ప, అదే ఇంట్లో ముసలమ్మ బుగ్గలు లోపలికి పోతున్న సంగతిని దానితో ముడిపెట్టలేదు. ముడిపెట్టింది మునిసిపాలిటీవాళ్ళే. వాళ్ళని అనకూడదు, చాలా శ్రద్ధగా కనుక్కున్నారు. కొత్తిమీర జుట్టుని తీసుకుంటుంది. పాలకూర మోకాళ్ళని, బెండకాయ వేళ్ళ కణుపులని. టమాటా చర్మాన్ని వదులు చేస్తుంది. అరటిపళ్ళు ఎక్కువ రోజులుంటే నుదుటి మీద నల్లమచ్చలు లేస్తాయి. దోసకాయ, గుమ్మడికాయ లాంటివి మాత్రం మనిషిని పెద్దగా ముట్టుకోవు. వీధిలో ఇద్దరు ఆడవాళ్ళు ఎదురుపడితే, "ఏంటొదినా, పాలకూర ఎక్కువ తెచ్చారేంటి, కుంటుతున్నావు?" అని పలకరించుకోవడం మామూలైపోయింది.

వచ్చిన చిక్కల్లా, వడలడం అనేది ఇంట్లో ఎవరి మీద పడితే వాళ్ళ మీద పడేది. బడికెళ్ళే పిల్లలకి ముడతలొస్తున్నాయని ఫిర్యాదులొచ్చాయి. అందుకని ప్రతి ఇంటికీ ఒక 'తాజా బాధ్యులు' ఉండాలని ఉత్తర్వు వేసి, పేర్లు రాసుకోవడానికి సిబ్బందిని పంపించారు. వాళ్ళు పదకొండు గంటల వేళ వచ్చారు. ఆఫీసు పని కనక ఆఫీసు వేళల్లోనే చెయ్యాలి. మగవాళ్ళు పనుల్లోకి పోయారు. ఎవరు తలుపు తీస్తే వాళ్ళ పేరు రాసుకుని వెళ్ళారు. ఇందులో ఎవరి కుట్రా లేదు. రిటైరైన హెడ్మాస్టరు కోదండరామయ్య గారి భార్య ఆ వేళకి స్నానానికి వెళ్ళబట్టి ఆయనే తలుపు తీశారు, ఆయన పేరే రాశారు. రెండు వేసవులకే ఆయన ఎండు మిరపకాయలా అయిపోతే ఊరు ఊరంతా కదిలిపోయింది. మగమనిషికి ఇంత అన్యాయమా అని సభ పెట్టి, శాలువా కప్పి, ఆయన పేర ఒక సంఘం కూడా పెట్టారు. ఆ సంఘం ఇప్పటికీ ఉంది. ఆయనే లేరు.

అబ్బులు ఇంట్లో తలుపు తీసింది అతని భార్య వీరవేణి.

అబ్బులు ట్రాలీ ఆటో నడుపుతాడు. రైతు బజారుకి సరుకు చేరవేసి, సాయంత్రం కొట్లు కట్టేసే వేళకి మిగిలినవి చవగ్గా బేరమాడి ఇంటికి తెస్తాడు. ఎన్ని తెచ్చినా ఫర్వాలేదన్న ధైర్యం వచ్చాక ఇంకా ఎక్కువ తెచ్చాడు. తిండి దగ్గర అతనికి ఒకటే పట్టింపు. బెండకాయ తోక విరిస్తే టక్కుమనాలి. టక్కుమనని బెండకాయని అతను గడ్డి కింద జమకట్టేవాడు.

వీరవేణి దాచడంలో సిద్ధహస్తురాలు. పచ్చిమిరపకాయల తొడిమలు గిల్లి, తడి లేకుండా తుడిచి, డబ్బా అడుగున కాగితం పరిచి సర్దేది. కరివేపాకు నీడన ఆరబెట్టి పాత నూలు పంచె ముక్కలో చుట్టేది. కొత్తిమీరని గ్లాసు నీళ్ళలో వేళ్ళు మునిగేలా నిలబెట్టేది. టమాటాలు ముచ్చిక కిందికి వచ్చేలా పేర్చేది. ఉల్లిపాయల బుట్ట వంటింటి ఈ మూల, బంగాళాదుంపల బుట్ట ఆ మూల. అల్లం ఇసక కుండలో. పద్ధతిగా దాస్తే కాయ మనిషిని తక్కువ అడుగుతుందని మునిసిపాలిటీవాళ్ళు వేసిన కరపత్రంలో ఆదర్శ బాధ్యురాలిగా ఆవిడ ఫొటో కూడా వేశారు. ఫొటోలో బెండకాయలు చాలా బాగా పడ్డాయి.

అబ్బులుకి వీరవేణి వాడిపోవడం కనిపించలేదని కాదు. రోజూ చూసేదాన్ని మనిషి చూడడు, అంతే. అతనికి కనిపించింది అమ్మాయి ఉద్యోగానికి బయల్దేరిన రోజు.

అమ్మాయి పేరు లోవ. మెయిన్ రోడ్డు మీద బట్టల షోరూంలో చీరలు చూపించే పని దొరికింది. మొదటి రోజు, కొత్త డ్రెస్సు వేసుకుని గుమ్మంలో నిలబడితే, వీరవేణి కూతురి బుగ్గల మీంచి రెండు చేతులూ దువ్వి, తన కణతలకి ఆనించి మెటికలు విరిచింది. చప్పుడు రాలేదు. మళ్ళీ దువ్వి మళ్ళీ నొక్కింది. వేళ్ళు మెత్తగా పక్కకి వంగాయి గానీ ఒక్కటీ పలకలేదు.

"ఇంకొక్కసారమ్మా," అంది లోవ.

"పోనీలేవే. బస్సెళ్ళిపోద్ది," అంది వీరవేణి.

అమ్మాయి వెళ్ళాక అబ్బులు ఫ్రిజ్ తలుపు తీసి, ఒక బెండకాయ తీసుకుని తోక విరిచాడు. టక్కుమంది. పోయిన కార్తీకంలో తెచ్చిన బెండకాయ. పెళ్ళైన కొత్తలో వీరవేణి అతనికి దిష్టి తీస్తే ఇలాగే వినపడేది. అప్పుడు వీధరుగు మీద కూర్చున్నవాళ్ళు కూడా నవ్వేవాళ్ళు.

అతనికి వాళ్ళమ్మ ఆదెమ్మ గుర్తొచ్చింది. ఆదెమ్మ కాలంలో కాయలే వాడిపోయేవి. పెంకుటింటి దూలాలకి పచ్చటి దోసకాయలు అరటినారతో కట్టి వేలాడదీసేది. కింద పడుకుంటే పైనంతా దోసకాయలే. గాలొస్తే ఊగేవి. పొద్దున్నే లేచి పీట ఎక్కి ఒక్కొక్క దాన్నీ బొటనవేలితో నొక్కి చూసేది. మెత్తబడ్డది ముందు కోసేది, గట్టిది ఆగేది. మరీ ఎక్కువ ఒకేసారి మెత్తబడితే దాచడానికి తంటాలు పడేది కాదు, గోడ దగ్గరికెళ్ళి కేకేసేది: "ఒసే పాపాయమ్మా, నాలుగు కాయలు నీ పేరు మీద మెత్తబడ్డాయే, పట్టుకెళ్ళు!" మర్నాడు అదే గిన్నెలో పచ్చడి తిరిగొచ్చేది. ఆ గోడ నడుమెత్తు ఉండేది, గిన్నెలు పెట్టీ పెట్టీ పైన ఒకచోట నున్నగా అరిగిపోయింది. గోడ దాటాక కూడా మిగిలింది గేదెకి. పనస పండితే వీధి మొత్తానికి కబురు చెయ్యక్కర్లేదు, వాసనే వెళ్ళి పిలుచుకొచ్చేది. ఇప్పుడు అబ్బులు ఇంట్లో ఏ వాసనా లేదు. ఆదెమ్మ ముసలిదై పోయింది గానీ, పోయేటప్పుడు ఆవిడ ముసలితనమంతా ఆవిడదే.

ఆ సాయంత్రం అబ్బులు బెండకాయలన్నీ గిన్నెలోకి ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళాడు. ఇప్పటి గోడ నిలువెత్తుంటుంది, పైన సీసా పెంకులు. స్టూలెక్కి పక్కింటి కాంతాన్ని పిలిచాడు.

"ఏంటన్నయ్యా అది?"

"బెండకాయలమ్మా. మాకెక్కువయ్యాయి, తీసుకో."

"ఎప్పటివి?"

"కార్తీకంలోవి."

కాంతం రెండడుగులు వెనక్కేసింది. "అదా సంగతి! మీ ఆవిడ వేళ్ళైపోయాయని ఇప్పుడు నా వేళ్ళ మీద పడ్డారా? ఎంత మంచివారనుకున్నాను మిమ్మల్ని!" అంతలోనే మరీ దులిపేశానేమో అనుకుందో ఏమో, "పోనీ దోసకాయుంటే ఇవ్వండి, తీసుకుంటాను," అంది.

దోసకాయ లేదు. అబ్బులిది స్లాబిల్లు. కట్టడానికి దూలాల్లేవు.

గిన్నెతో లోపలికొచ్చి చెత్తబుట్టలో వంచబోతే, వీరవేణి మోకాళ్ళు పట్టుకుని లేచొచ్చి మరీ గిన్నె లాక్కుంది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడ అతని చేతిలోంచి ఏదైనా లాక్కోవడం అదే మొదలు.

"మతుండే చేస్తున్నారా? పారేస్తారేంటండీ?"

"నీకోసమేనే. ఇవి పోతే నీకు కాస్త తెరిపి."

"పోయిన వేళ్ళు తిరిగొస్తాయా ఏంటి? ఇందులో ఉన్నవి నా వేళ్ళేనండీ. చెత్తలో పోస్తే ఇంక నేనెక్కడున్నట్టు? తినండి. తింటే కనీసం మీ ఒంటికైనా పడతాయి."

ఆవిడన్న దాంట్లో తప్పేమీ కనపడలేదు. అన్నం వడ్డిస్తే తిన్నాడు.

మర్నాడు ఆటో స్టాండులో పెట్టి వార్డు ఆఫీసుకి వెళ్ళాడు. తాజాదనం విభాగం చూసే హిమబిందు కుర్చీలో ఉంది. పాతికేళ్ళ పిల్ల.

"మా ఆవిడ పేరు తీసేసి నా పేరు ఎక్కించాలండి."

"ఎందుకండీ?"

"ఆవిడ వేళ్ళైపోయాయండి."

"మీవున్నాయా?"

అబ్బులు చేతులు చాపాడు. ఆ అమ్మాయి ఒక్కొక్క వేలూ వంచి చూసింది, బజార్లో అతను బెండకాయని చూసినట్టే. "బానే ఉన్నాయండి. రెండు మూడు పంటలకి సరిపోతాయి."

"మగోళ్ళు ఉండకూడదని రూలేమన్నా ఉందాండి?"

"రూలేం లేదండి. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదంతే."

"అయితే ఎక్కించెయ్యండి."

"ఇక్కడ కాదండి. మేమే ఇంటికొస్తాం, బెల్లు కొడతాం. తలుపు తీసినవాళ్ళ పేరు రాసుకుంటాం. మీరు తియ్యండి, అయిపోద్ది."

"అంతేనా?"

"అంతేనండి. ఒకసారి రాశాక అయిదేళ్ళదాకా మార్చం. ఊరికే మారుస్తూ పోతే కాయలకి మంచిది కాదు. ఇంకోటండి, బాధ్యులైనవాళ్ళు పగలంతా ఇంట్లోనే ఉండాలి."

"ఉంటానండి. ఆటో అద్దెకిచ్చేస్తాను."

కాగితం మీద ముద్ర వేస్తున్న ఆ అమ్మాయి చేతులు అప్పుడే కడిగిన ముల్లంగి దుంపల్లా ఉన్నాయి. అబ్బులు ఉండబట్టలేక అడిగాడు. "మీ ఇంట్లో ఎవరండీ?"

"మా అత్తగారండి. ఆవిడే తీశారు తలుపు."

"అప్పుడు మీరింట్లో లేరా?"

"బెల్లు కొట్టింది నేనేనండి. డ్యూటీలో ఉన్నాను."

ఇంటికొచ్చి అబ్బులు పేరు మార్పు సంగతి చెబితే వీరవేణి నమ్మలేదు. తర్వాత ఒకసారి కళ్ళు తుడుచుకుంది. తర్వాత, "మీకు గడియ తియ్యడం రాదుగా," అంది. నిజమే, రాదు. ఆ గడియ వంగిపోయి చాలా కాలమైంది, కాస్త పైకెత్తి లాగితేనే వస్తుంది. ఈ సంగతి ఇంట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళకీ తెలుసు. వీరవేణి పక్కన నిలబడి నేర్పించింది. నాలుగైదు సార్లకి పట్టుబడింది.

ఆ రోజు నుంచి అబ్బులు కుర్చీ తెచ్చుకుని తలుపు పక్కనే కూర్చున్నాడు. బెల్లు మోగినప్పుడల్లా ఉలిక్కిపడి లేచేవాడు. పాలవాడు, గ్యాసు బండవాడు, చందాలవాళ్ళు, దారి తప్పిన కొరియరువాడు. ఒక ఇంటి బెల్లు రోజుకి ఇన్నిసార్లు మోగుతుందని అతనికి అప్పుడే తెలిసింది. ప్రతిసారీ గడియ పైకెత్తి లాగి, తలుపు బార్లా తీసి, "అబ్బులండి, నా పేరే," అనేవాడు. చందాలవాళ్ళు ఆ పేరే రాసుకున్నారు.

మంగళవారం షోరూంకి సెలవు. లోవ ఇంట్లోనే ఉంది. తండ్రి తమకోసం ఇంత చేస్తున్నాడన్న సంతోషంలో ఆ పూట ఆ పిల్లే బెండకాయ వేపుడు చేసింది, పల్లీలు కూడా వేసి. అబ్బులు తలుపు పక్క కుర్చీలోంచి లేచి కంచం ముందు కూర్చున్నాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ముక్కలు వేగి కరకరలాడుతున్నాయి. ఆదెమ్మ చేసినట్టే ఉందనిపించి కళ్ళు మూసుకున్నాడు. దూలాల కింద పడుకున్నట్టే ఉంది.

బెల్లు మోగింది.

అతనేమీ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే అనేవాడు కాదు. ఎంగిలి చెయ్యి కంచంలోనే ఉంచి, కళ్ళు కూడా తెరవకుండా, ఇన్నేళ్ళూ అన్నట్టే అన్నాడు.

"ఎవరో చూడమ్మా."

లోవ చూసింది. గడియ కాస్త పైకెత్తి లాగిన చప్పుడు వినపడ్డాక అతను ముద్ద మింగి లేచాడు. అప్పటికి హిమబిందు గుమ్మంలో నిలబడి, "పేరు చెప్పమ్మా," అని అడగడం, లోవ చెప్పడం, వేలిముద్ర వెయ్యడం అయిపోయాయి.

"నేనండీ, నేను! చేతికి ఎంగిలైందండి, లేకపోతే నేనే..."

"అయ్యో," అంది హిమబిందు. నిజంగానే బాధపడింది. "అయిదేళ్ళేగా అండీ. ఇట్టే గడిచిపోతాయి. పిల్ల గట్టిగానే ఉంది."

షోరూం మేనేజరు మంచివాడు. బాధ్యత పూర్తయ్యాక తప్పకుండా రమ్మన్నాడు. కాకపోతే చీరలు చూపించడానికి తాజాగా ఉన్నవాళ్ళే కావాలని, అది తన చేతుల్లో లేదని కూడా చెప్పాడు. వీరవేణి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని కరివేపాకు ఎలా ఆరబెట్టాలో, మిరపకాయ తొడిమ ఎక్కడ గిల్లాలో నేర్పిస్తోంది. ఆటో అద్దెకివ్వాల్సిన అవసరం తప్పింది. అబ్బులు మళ్ళీ బజారుకి వెళ్తున్నాడు.

మొదటి రోజు పావుకిలో బెండకాయలే తెచ్చాడు. తర్వాత, కొట్టు కట్టేసే వేళ మరీ చవగ్గా ఇస్తుంటే వదల్లేకపోయాడు.

"ఎన్ని తెచ్చావు నాన్నా?" అని అడిగింది లోవ సంచీ అందుకుంటూ.

"రెండు కిలోలమ్మా."

"పర్లేదులే."

ఆ రాత్రి భోజనాల దగ్గర వీరవేణి మొగుడి వంక చూసి, "మీ నాన్న ముఖం ఈ మధ్య కళకళలాడుతోందే. దిష్టి తియ్యి," అంది కూతురితో. లోవ తండ్రి బుగ్గల మీంచి చేతులు దువ్వి, తన కణతలకి ఆనించి మెటికలు విరిచింది. ఇల్లంతా వినపడేలా టకటకమని పలికాయి. ఒక్క చిటికెన వేలు పలకలేదు.

లోవ ఆ వేలు ఇంకోసారి నొక్కి చూసి, చున్నీకి తుడుచుకుని, కూర వడ్డించింది.

"ఎలా ఉంది నాన్నా?"

"బాగుందమ్మా," అన్నాడు అబ్బులు. బాగానే ఉంది.