కుడిచేతి నుంచి పైడినాయుడి తొలగింపు

జిల్లా క్యాన్సర్ ఆసుపత్రిలో మంగళవారం ఒక కుడిచేతికి శస్త్రచికిత్స చేసి, దాన్నుంచి మొల్లి పైడినాయుడు అనే యాభై రెండేళ్ల మనిషిని తొలగించారు. చెయ్యి క్షేమంగా ఉంది. గాజు జాడీలో, మందునీళ్లలో, మూడో వార్డు పదకొండో మంచం మీద విశ్రాంతి తీసుకుంటోంది.

ఇందులో పొరపాటేమీ లేదు. ఉచిత వైద్య పథకంలో చేరిన రోజు యంత్రం మీద వేలిముద్ర వేసింది చెయ్యి. కాబట్టి రోగి చెయ్యే. పైడినాయుడు దాని వెంట వచ్చాడంతే. ఇరవై ఏళ్ల కిందట బెల్లం వండుతుండగా పాకం పడి ఆ చెయ్యి కాలింది. పోయినేడు ఆ మచ్చలో శనగగింజంత పుండు లేచింది. అప్పుడే ఆ ముక్క కోసేస్తే చెయ్యి దక్కేదని డాక్టరుగారే సెలవిచ్చారు. మంజూరు ఫైలు మాత్రం తొమ్మిది నెలలు తిరిగింది. పుండుకు ఆఫీసు పద్ధతులు తెలియవు, అది ఆగలేదు.

తొలగించిన భాగాన్ని నిబంధనల ప్రకారం ఆసుపత్రి వ్యర్థాల పసుపు సంచిలో వేయాలి. అంత పెద్ద సంచి లేనందువల్ల పైడినాయుణ్ని ఇంటికి పొమ్మన్నారు. పదో రోజున చేతిని డిశ్చార్జి చేసి, సహాయకుడిగా అతనికే జాడీ అప్పగించారు.

నాలుగో నెలలో అతని సంకలో గడ్డ తేలింది. జాడీ ఒళ్లో పెట్టుకుని బస్సెక్కి వచ్చాడు. రికార్డు గుమస్తా చంద్రకళ రిజిస్టరు తిరగేసింది.

"ఈ రోగికి సంక లేదండి," అంది.

"సంక నాదమ్మా. సెయ్యీ నాదే. నాకూ ఓపాలి సూడమనండి."

"మీరు తీసేసిన భాగమండి. తీసేసినవాటికి చీటీ రాయం."

డాక్టరు చెడ్డవాడు కాడు. వరండాలోనే, నిబంధనలకు కన్నుగప్పి, గడ్డను తడిమి చూశాడు. జబ్బు అక్కడికి పాకింది. ఆయనకు నిజంగానే బాధేసింది. తర్వాత జాడీని వెలుగుకు ఎత్తి పట్టుకుని, రోగిలో జబ్బు జాడ లేదని రాశాడు. ఇలాంటి రాతలతోనే ఆ ఆసుపత్రి నయం చేయడంలో రాష్ట్రంలో మొదటి స్థానంలో ఉంది.

"మరి నా సంగతేటి బాబూ?" అని అడిగాడు పైడినాయుడు.

"రోగి కోలుకుంది కదా. దాన్ని జాగ్రత్తగా చూసుకో."

రోగి తరఫున ఫిర్యాదులేమీ లేవన్న కాగితం మీద సంతకం పెట్టమన్నారు. అతను ఎడమచేత్తో ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ గీశాడు. వెనక వరుసలో ఒకావిడ తన రొమ్మున్న జాడీని, ఒకాయన తన పాదమున్న జాడీని పట్టుకుని నిలబడ్డారు. తమ రోగులకు ఎండ తగులుతోంది, త్వరగా కానివ్వమని విసుక్కున్నారు.